ప్లేటు మీది పద్యం, స్టేజీ మీది పద్యం

పాత నాటక పద్యాలను ఇవాళ స్టూడియోలో మళ్లీ పాడించాలంటే మొదటి చిక్కు, వాటికి స్వరం రాసిపెట్టే అలవాటు మనకు పెద్దగా లేదు. అచ్చుపుస్తకంలో పద్యం నెత్తిన ‘మోహన’ అనో ‘బేహాగ్’ అనో ఒక్క రాగం పేరు కనిపిస్తే అదే పదివేలు. చెన్నైలో ఉన్నవాళ్లు ఆ పుస్తకాలకు ఎగ్మూరు కన్నెమెరా లైబ్రరీలో వెతకొచ్చు. వరుస కావాలంటే మాత్రం గ్రామఫోను ప్లేటే దిక్కు.

ప్లేటు దొరికిందని వెంటనే తిప్పెయ్యకండి. ఈ ఊరి చెమ్మకు గాళ్లలో బూజు పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు, లేబుల్ తడవకూడదు. ఈ ప్లేట్లు లక్కవి, స్పిరిట్ తగిలితే అది కరిగి గాడే పోతుంది. ఎల్పీ ముల్లు సన్నం, గాడి అడుగున పొర్లి గరగరలాడుతుంది. 3 మిల్, అంటే సుమారు 75 మైక్రాన్ల ముల్లు వెయ్యాలి. ప్లేయర్లో మంద్ర, తార ధ్వనుల పాళ్లు సరిచేసే ఆర్‌ఐఏఏ సర్దుబాటు 1950ల నాటిది, అంతకుముందు ప్లేట్లకు అది నప్పదు. కంప్యూటర్లోకి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించి, గరగర తొలగించకుండా ఒక కాపీ విడిగా దాచండి.

ఎక్కువగా పని చెడేది వేగం దగ్గర. నిమిషానికి 78 చుట్లు అంటాం గానీ పాత ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతో రికార్డు చేసినవి కావు. 6 శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పైకి జరిగి ఐదు ఐదున్నరవుతుంది, రాయబారానికొచ్చిన కృష్ణుడు బాలకృష్ణుడవుతాడు! వెనక మోగే హార్మోనియం మెట్టు పట్టుకుని సరిచూడొచ్చు. ఆ పెట్టె శ్రుతే నేటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కి అటూఇటూ ఉండొచ్చు కనుక శ్రుతి కొలిచే ట్యూనర్ మాటే వేదం కాదు. అదే నటుడి ప్లేట్లు మరో రెండు పక్కపక్కన విని, మాట పలుకును బట్టి తేల్చాలి.

ఇంతా చేసినా ప్లేటు మీదిది సగం పద్యమే. 10 అంగుళాల ప్లేటు ఒకవైపు పట్టేది దాదాపు 3 నిమిషాలు. స్టేజీ మీద పద్యం చివర సాగే రాగానికి ఇక్కడ కత్తెర పడింది. ఎత్తుగడకు, విరుపుకు ప్లేటును నమ్మండి, రాగం నిడివికి నమ్మకండి. సెకన్లతో సహా ప్లేటును అనుకరించి పాడించడం నా లెక్కన తప్పు.

స్టూడియోలో మొదట అడిగేది ‘క్లిక్ ఎంత పెట్టాలి సార్?’ అని, అంటే లయకు టిక్కుటిక్కుమనే చప్పుడు ఎంత వేగంలో ఉండాలని. పాటలకు తాళం ఉంది, పెట్టుకోనీండి. పద్యానికి వద్దు, గొంతు శ్రుతిని యంత్రంతో సరిచేసే ఆటోట్యూన్ అసలే వద్దు, గమకం చదునైపోతుంది. హార్మోనియం మైకు తిత్తికి దూరంగా ఉండాలి, లేకపోతే ఊపిరి చప్పుడే ముందు వినబడుతుంది. ఏ ముక్క ప్లేటుదో, ఏది మనం పూరించిందో ఫైలు పేరులోనే రాసెయ్యండి.