అలక అనే మాట లేకపోతే అలగరా?

మా డిగ్రీ కాలేజీ ఫైనలియర్ క్లాసులో జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ మీద చర్చ పెట్టాలనుకున్నాను. పిల్లలు 32 మంది. సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియమే.

మొదటి గంట నేనే పాడుచేశాను. రచయిత 1903లో మన బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడని, నవల 1949లో వచ్చిందని మొదలుపెట్టి, నియంతృత్వం గురించి ఉపన్యాసం దంచి, చివరి పది నిమిషాల్లో ‘‘ఇక డిస్కస్ చేద్దాం, దీని సారాంశం ఏమిటి?’’ అన్నాను. ముందు బెంచీ అమ్మాయి గైడులో ఉన్నది అప్పజెప్పింది. మిగతావాళ్లు అది రాసుకున్నారు. అయిపోయింది చర్చ!

రెండో రోజు ఒక్క పేజీ జిరాక్స్ తీయించి పట్టుకెళ్లాను. నవల్లో ఆ పేజీలో ప్రభుత్వం చాక్లెట్ రేషన్‌ని వారానికి 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తుంది. మర్నాడే, 20కి పెంచినందుకు ఆ దేశాన్నేలే నియంత ‘పెద్దన్న’కు (బిగ్ బ్రదర్) కృతజ్ఞతగా జనం ఊరేగింపు తీశారని టెలిస్క్రీన్ చెబుతుంది. మనుషుల్ని చూస్తూ, వాళ్ల మాటలు వింటూ ఉండే టీవీ లాంటిది అది. క్యాంటీన్లో కథానాయకుడు విన్‌స్టన్ చుట్టూ ఉన్నవాళ్లంతా నమ్మేస్తారు. ‘‘అక్కడ మీరుంటే ఏం చేస్తారు? పేరు లేకుండా చీటీ మీద రాయండి’’ అన్నాను.

‘‘మా చేతిరాత మీకు తెలుసు కదా మేడమ్’’ అంది ఒకమ్మాయి. ఇంటర్నల్ మార్కులు వేసేది నేనే మరి. చీటీలు నేను ముట్టుకోనన్నాను. వాళ్లే కలిపేసి, ఎవరి చేతికి వచ్చింది వాళ్లు చదివారు. చాలావాటిలో ‘ఊరుకుంటాను’ అనే ఉంది. ఒకదాంట్లో: ‘మా నాన్న ఉద్యోగం పోతుందంటే చప్పట్లు కూడా కొడతాను.’

ఎవరూ మాట్లాడలేదు. వివరించాలని నా నాలుక దురద పెట్టింది. పదిహేనేళ్ల అలవాటు! బల్ల పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, ‘‘ఎవరు రాశారో గానీ, విన్‌స్టన్ కంటే నిజం చెప్పారు’’ అన్నాడు. అక్కణ్నుంచి గంట కొట్టేదాకా నాతో పని పడలేదు.

న్యూస్పీక్ రోజు ఇంకా బాగుంది. న్యూస్పీక్ అంటే ఆ నవల్లో ప్రభుత్వం తయారుచేసే భాష. ఏటా దాని నిఘంటువును కుదిస్తూ పోతుంది. మాట పోతే ఆలోచనా పోతుందని లెక్క. తెలుగులో ఒక మాట తీసేసి చూడమన్నాను. ‘‘అలక తీసేస్తే అలకపాన్పు మీద అల్లుడేం చేస్తాడు మేడమ్?’’ అని ఒకడంటే అందరూ నవ్వారు. ఇంకొకడు, ‘‘ఇంగ్లీషులో ఆ మాట లేదుగా, వాళ్లు అలగరా?’’ అన్నాడు. ‘సల్క్’ ఉందని చెప్పబోయి ఆగాను. అందులో బతిమాలించుకోవాలన్న ఆశ లేదు. అంటే ఆర్వెల్ లెక్క తప్పా?

ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి అప్పుడంది: ‘‘అలుగుతారు మేడమ్. కానీ అది అలక అని ఎదుటివాళ్లకు తెలియాలి కదా. తెలియకపోతే ఎవరు బతిమాలతారు?’’

నేను సిద్ధం చేసుకున్న నోట్సులో ఇంత మంచి మాట లేదు.

నాలుగో రోజు టెలిస్క్రీన్ దగ్గరికి వచ్చాం. ఒకబ్బాయి ఏదో చెప్పబోయి, గది మూలనున్న కెమెరా వైపు చూసి, ‘‘మేడమ్, దాంట్లో మాటలు కూడా వినిపిస్తాయా?’’ అని అడిగాడు. నాకూ తెలియదు. మిగతా చర్చ వేపచెట్టు కింద జరిగింది. పరీక్షకు మాత్రం అందరూ గైడే చదువుకున్నారు.