ఏ అంగడికి ఎంత పొద్దు

శ్రీకాకుళం, ఆదివారం.

పార్సిళ్లు తీసుకువెళ్లే అబ్బాయి ఈరోజు రాడు కాబట్టి, వంట పని ముగిశాక లెక్కల పుస్తకం తెరిచి, చాలాకాలంగా వాయిదా పడుతున్న ఒక విషయాన్ని తేల్చుకోవాలని కూర్చున్నాను. ఇన్ని ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు పెట్టడం నాకు అవసరమా, అవసరమైతే ఏ సరుకును ఎక్కడ పెట్టాలి అన్నదే ఆ విషయం. నేను సొంతంగా తయారు చేసేది ఏమీ లేదు. పొందూరు నుంచి ఖాదీ, బుడితి నుంచి ఇత్తడి సామాను, పలాస నుంచి జీడిపప్పు తెచ్చి, కొంత లాభం వేసుకుని అమ్ముతాను. మూడూ మా జిల్లా సరుకులే, మూడూ పేరున్నవే. కానీ ఒకదానికి కలిసొచ్చిన చోట మరొకటి నష్టం తెస్తోంది.

నాలాగా అమ్ముకునేవారు ఎక్కడ కలిసినా మొదట వచ్చే మాట కమీషన్. మీషో 2021లోనే అమ్మకందారుల నుంచి కమీషన్ తీసుకోవడం మానేసింది. 2025లో అమెజాన్ 300 రూపాయల లోపు ఉండే చాలా రకాల వస్తువులకు రిఫరల్ ఫీజు, అంటే తన కమీషన్, ఎత్తివేసింది. అదే ఏడాది చివర్లో ఫ్లిప్‌కార్ట్ 1,000 రూపాయల లోపు వస్తువులకు కమీషన్ ఉండదని ప్రకటించింది. చిన్నవారికి ఇవి నిజంగా ఊరటనిచ్చే మార్పులే. అయితే నా పుస్తకంలో నన్ను కుంగదీసిన గడి కమీషన్‌ది కాదు. ఒకటి రవాణా, రెండోది తిరిగొచ్చిన పార్సిళ్లు. మూడోదానికి పుస్తకంలో ఇన్నాళ్లూ గడే లేదు. ఫొటోలు తీయడం, కొలతలు రాయడం, కొనేవారి ప్రశ్నలకు జవాబులివ్వడం, తిరిగొచ్చినదాన్ని విప్పి పరీక్షించి మళ్లీ ఇస్త్రీ చేయించడం, ఫిర్యాదు పెట్టి దాని వెంట పడడం, వీటన్నిటికీ పట్టే సమయానికి ఈరోజు ఒక గడి గీశాను. ఆ గడి నిండుతున్నకొద్దీ, ఏ అంగడి లాభసాటిదో నేను అనుకుంటూ వచ్చిన వరుస తలకిందులైంది.

ముందు ఇత్తడి సంగతి. సారవకోట మండలంలోని బుడితి పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, ఆ పేరుతోనే వెతికి కొనేవారు దూరప్రాంతాల్లోనూ ఉన్నారు. అటువంటివారిని చేరాలంటే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి పెద్ద వేదికలే దారి. అయితే అక్కడ రవాణా రుసుము తూకాన్నిబట్టి మాత్రమే పడదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే అంకెను కిలోలుగా తీసుకుని, దానిలోనూ అసలు తూకంలోనూ ఏది ఎక్కువైతే దానికి రుసుము వేస్తారు. ఇత్తడి పూలకుండీ లోపలంతా బోలు. అది కిలోన్నర తూగినా, మూతి నొక్కుకుపోకుండా చుట్టూ కాగితం దట్టించి పంపడానికి 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె కావాలి, ఆ పెట్టె 3 కిలోల కింద లెక్కకు వస్తుంది. కుండీ లోపలి గాలికి కూడా నేను కిరాయి కడుతున్నానన్నమాట. అదే పూజగంటలు, కుంకుమ భరిణెలు, చిన్న ప్రమిదలైతే చిన్న పెట్టెలో ఇమిడిపోతాయి, తూకానికీ పెట్టెకూ పెద్ద తేడా రాదు. కాబట్టి చిన్న వస్తువులు పెద్ద వేదిక మీద ఉంటాయి, పూలకుండీలు ఉండవు. ఈ నిర్ణయానికి ఎక్కువ ఆలోచన పట్టలేదు.

ఆలోచన పట్టింది ఖాదీకి. నాకు అన్నిటికంటే ఇష్టమైన సరుకు కూడా అదే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, 100 కౌంటు దాకా సన్నని నూలు తీసే పొందూరు పనిని దగ్గరగా చూసినవారు ఆ బట్టను ఇంకొక బట్ట పక్కన పెట్టి ధర అడగరు. కానీ పెద్ద వేదిక మీద జరిగేది సరిగ్గా అదే. తెల్ల పంచె అని వెతికితే పొందూరు పంచె మరమగ్గం పంచె పక్కన, దాని ధరకు ఎన్నో రెట్ల ధరతో, అంతే తెల్లగా కనిపిస్తుంది. ఆ మధ్య పొందూరు వెళ్లినప్పుడు, ఆన్‌లైన్‌లో ఈ బట్ట నెమ్మదిగా కదులుతోంది పిన్నీ అని చెబితే, నూలు వడికే ఒక పెద్దావిడ రాట్నం ఆపకుండానే అంది: "ఫొటోలో తెలుపు కనబడతాది గానీ నూలు కనబడదు కదమ్మా." నేను ఇంత పొడుగున రాస్తున్నది ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పింది.

ఒక పెద్ద వేదిక మీద అమ్మిన పంచె ఈ నెలలో 'నేతలో లోపం' అన్న కారణంతో తిరిగొచ్చింది. దాన్ని విప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. అంచుకు జానెడు దూరంలో ఒక పోగు కాస్త లావెక్కి, నాలుగు వేళ్ల మేర సాగి, మళ్లీ సన్నబడింది. వేలితో నిమిరితే తెలుస్తుంది గానీ చూపుకు వెంటనే అందదు. చేత్తో వడికిన నూలు అలాగే ఉంటుంది. వడికే చేయి ఒక్క క్షణం నెమ్మదిస్తే పోగు అక్కడ లావవుతుంది. ఆ కొనుగోలుదారును తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ సంగతి ఆయనకు చెప్పే వీలు ఆ అంగడిలో లేదు. రానూ పోనూ రవాణా, ఇస్త్రీ, కొత్త కవరు, నా పొద్దు అన్నీ కలిపితే, ఆ ఒక్క పంచె మరికొన్ని పంచెల లాభాన్ని మింగేసింది.

వాట్సాప్ బిజినెస్‌లో పెట్టిన ఖాదీ మాత్రం ఇంతవరకూ తిరిగి రాలేదు. అక్కడ అమ్మడానికి సమయం ఎక్కువే పడుతుంది. కిటికీ దగ్గర వీడియో తీసి పంపాలి, అంచు దగ్గరగా చూపించమంటే చూపించాలి, గంజి ఎలా పెట్టాలో చెప్పాలి, ఖాదీ మార్క్ చీటీ ఫొటో పంపాలి. 2013 నాటి నిబంధనల ప్రకారం ఆ గుర్తు లేని బట్టను ఖాదీ పేరుతో అమ్మకూడదు కాబట్టి, ఆ చీటీ అడిగేవారంటే నాకు గౌరవం. ఇంత మాట్లాడాక కొన్నవారు ముందే యూపీఐలో డబ్బు వేస్తారు, దాని మీద నాకు రుసుము పడదు, నేను స్పీడ్ పోస్టులో పంపుతాను. సమయం ఎక్కువ పట్టినా అది ఒక్కసారే పడుతుంది, ఆ తర్వాత వారే తమ అక్కచెల్లెళ్ల నంబర్లు పంపుతారు.

మధ్యాహ్నం మా తోటికోడలు వచ్చి ఈ లెక్కలన్నీ చూసి, "అన్ని చోట్లా పెట్టి ఉంచితే పోయేదేముంది చెల్లీ, ఎక్కడ అమ్ముడైతే అక్కడ" అంది. సరుకు ఒక రకానివి వంద ఉంటే అప్ప మాట నిజమే. కానీ నా దగ్గర ఉండే ఖాదీ చీరలు దేనికదే ఒక్కటి. ఒక చోట అమ్ముడైన క్షణంలో మిగతా చోట్ల తీసేయాలి. తీసేలోగా మరొకరు కొంటే ఆ ఆర్డరు రద్దు చేయాలి. రద్దులు పెరిగితే ఖాతా రేటింగు పడిపోతుంది, దానితో గంటలూ భరిణెలూ కూడా వెతికేవారికి అడుగున కనిపిస్తాయి. పొయ్యి మీద కూర ఉండగా ఫోను మోగితే నాలుగు యాప్‌లు తెరవడం ఎవరి వల్ల అవుతుంది అని అడిగితే, ఆవిడ కూడా తల ఊపింది.

నేత పనివారూ హస్తకళాకారులూ నేరుగా అమ్ముకునేందుకు కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ వేదిక కూడా ఉంది, కానీ అది తయారుచేసేవారి కోసమే తప్ప నావంటి మధ్యవారి కోసం కాదు. అలా ఉండడమే న్యాయం. పొందూరులో చదువుకున్న పిల్లలున్న ఇళ్లకు దాని గురించి చెప్పాలని ఉంది. నా వ్యాపారం కొంత తగ్గవచ్చు, అయినా చెప్పాలి.

జీడిపప్పుకు తినే సరుకు అమ్మాలంటే ఉండాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య, పెద్ద వేదికల పోటీ ధరలు, నెల తిరిగేసరికి మళ్లీ కొనే పాత ఖాతాదారులు, ఈ మూడూ కలిపి చూస్తే దానికి వాట్సాప్ చాలు. ఒక యాప్‌లో ఇతరులు పెట్టిన కేటలాగు నుంచి చీరల ఫొటోలు పంపి మధ్యలో లాభం వేసుకునే పద్ధతిని పూర్తిగా మానేస్తున్నాను. ఇప్పుడు ఆ యాప్ ప్రతి ఇంట్లోనూ ఉంది, అసలు ధర అందరికీ తెలుస్తోంది, తెలిసిన వారి దగ్గర ఎక్కువ తీసుకున్నామన్న మాట మిగులుతోంది.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పరిమితి లోపు టర్నోవరు ఉన్నవారు రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య మాత్రం తీసుకుని, ఈ వేదికల మీద సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి అది మేలే. నా కొనుగోలుదారులు ఎక్కువమంది హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. 2014 తర్వాత మాకు హైదరాబాదు కూడా పొరుగు రాష్ట్రమే కనుక, రిజిస్ట్రేషన్ ఉంచుకోక తప్పదు, అమ్మకం లేని కాలానికి కూడా రిటర్ను వేయక తప్పదు. వేదికలు అమ్మకం దగ్గరే పన్ను కింద పట్టుకునే 0.5 శాతం (టీసీఎస్) తర్వాత మన ఖాతాలో జమ అయ్యేదే అయినా, ఎన్ని చోట్ల అమ్మితే అన్ని చోట్ల లెక్క సరిచూసుకోవాలి. వాట్సాప్, ఒక పెద్ద వేదిక, ఈ రెండు చోట్లకు కుదించుకోవడానికి నాకు ఇది కూడా ఒక కారణం.

సాయంత్రం పూలకుండీల జాబితాలన్నీ ఆపేశాను. ఖాదీ చీరలను వాట్సాప్‌కు మార్చాను. ఒకే రకానివి ఎక్కువ ఉన్న పంచెలను మాత్రం ఒక్క పెద్ద వేదిక మీద ఉంచి, వివరణలో మొదటి వాక్యంగా పోగు హెచ్చుతగ్గుల సంగతి రాసి, కిటికీ వెలుతురులో తీసిన దగ్గరి ఫొటోను ముందు పెట్టాను. ఇక పూజగంటలకు ఫొటోలు మళ్లీ తీయాలి. ఇప్పుడున్నవాటిలో గంట ఒక్కటే ఉండడంతో అది ఎంత పరిమాణమో తెలియడం లేదు, చేత్తో పట్టుకుని తీస్తే ఆ సందేహం ఉండదు. ఆ పని రేపు మా తోటికోడలు ఖాళీగా ఉన్నప్పుడు చేయాలి.