మ్యూనిక్‌లో రెండు తరాలు

మ్యూనిక్‌లో మేం సరుకులకు వెళ్లే ఒలింపియా మాల్ ఎదుట గింకో చెట్టు చుట్టూ ఓ స్టీలు వలయం ఉంటుంది. దాని మీద తొమ్మిది మంది ముఖాలు. 2016 జూలై 22న కాల్పుల్లో పోయినవాళ్లు. చాలామంది టీనేజీ పిల్లలే, వలస కుటుంబాలవాళ్లే. కాల్చినవాడికి 18 ఏళ్లు. నార్వేలో వలసల్ని ద్వేషించే బ్రైవిక్ అనే తీవ్ర మితవాది (ఫార్ రైట్) 77 మందిని చంపి సరిగ్గా ఐదేళ్లయిన రోజది. వీడూ ఇరాన్ నుంచి వచ్చినవాళ్ల కొడుకే. అయినా హిట్లర్ పుట్టినరోజునే పుట్టానని గొప్పలు పోయేవాడట!

1980 సెప్టెంబర్ 26న ఇదే ఊళ్లో అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగ గేటు దగ్గర బాంబు పేలింది. పెట్టినవాడితో కలిపి 13 మంది చనిపోయారు. వాడికి 21 ఏళ్లు, హాఫ్‌మన్ అనేవాడు నడిపిన నయా నాజీ దళంతో సంబంధాలు. ఆ తరం అడవుల్లో కవాతులు చేసేది. ఈ తరానికి గేమింగ్ చాట్ చాలు.

నాకు ఒళ్లు మండేది దర్యాప్తు దగ్గరే. రెండుసార్లూ మొదట వ్యక్తిగత సమస్యలే కారణమన్నారు. బాంబు పెట్టినవాడికేమో జీవితంలో నిరాశ, మాల్‌లో కాల్చినవాడినేమో స్కూల్లో ఏడిపించారు. మాల్ కాల్పులు తీవ్ర మితవాద హింసేనని మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్ర పోలీసులు ఒప్పుకున్నది 2019లో. 1980 బాంబు గురించి ఆ మాట 2020లో గానీ రాలేదు. ఆ బాంబు బాధితులకు 12 లక్షల యూరోల నిధి ఆ మరుసటి ఏడాది ఇచ్చారు.