ఫలోదీ ఉద్యోగానికి సరే అనే ముందు

ఫలోదీ అనే ఊరు మన వైపు ఎవరికైనా తెలిసిందంటే అది ఎండ వార్తల వల్లే అయి ఉంటుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. మన దేశంలో అప్పటిదాకా అంత ఎండ రికార్డు కాలేదు. జోధ్‌పూర్‌కి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, థార్ ఎడారిలో ఉన్న చిన్న ఊరది. 2023లో జిల్లా కేంద్రమైంది. అక్కడినుంచి ఇంకా లోపలికి వెళ్తే భడ్లా వస్తుంది. దాదాపు 14 వేల ఎకరాల్లో 2,245 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నది అక్కడే. ఆ చుట్టుపక్కల ప్లాంట్లలో ఒకదానిలో నాకు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది.

నేను పుట్టింది కవిటి మండలంలో, ఉద్దానంలో. ట్రిపుల్‌ఈ చదివాను. పెళ్లయ్యాక శ్రీకాకుళంలో ఉంటూ పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. మా ఆయనకి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పాప రెండో తరగతి. వెళ్లాలా వద్దా అన్నది తేలడానికి మాకు వేసవంతా పట్టింది. మన జిల్లాలో డిప్లొమా, బీటెక్ చేసిన పిల్లలకి ఇలాంటి ఎడారి ఉద్యోగాలు ఇప్పుడు తరచుగా వస్తున్నాయి. వాళ్లకి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు జీతం సంగతి. ఫోన్లో నెలకి 62 వేలన్నారు. లెటర్ వచ్చాక చూస్తే అది సీటీసీ. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఏడాది చివర్లో ఇస్తే ఇచ్చినట్టు ఉండే వేరియబుల్ పే, అన్నీ అందులోనే కలిపారు. సైట్ అలవెన్స్ సైట్‌లో ఉన్న రోజులకే వస్తుంది, సెలవులో ఉంటే రాదు. అవన్నీ తీసేస్తే చేతికొచ్చేది 47 వేలు. ఇక్కడ నాకు 34 వస్తోంది. అక్కడ వేరే ఇల్లు, రాకపోకల ఖర్చు పోగా నెలకి ఆరేడు వేలు మిగిలితే గొప్ప. అంటే డబ్బు కోసమే అయితే కదలాల్సిన పనిలేదు. ఈ లెక్క కాగితం మీద వేసి మా ఆయనకి చూపించిన రోజునే మా ఇద్దరికీ ఒక విషయం స్పష్టమైంది. ఇది పని కోసం తీసుకోవాల్సిన నిర్ణయం.

ఆ పని నాకు కావాలి. ఫార్మాలో మోటార్లు, ప్యానెల్ బోర్డులు, డీజిల్ జనరేటర్లు దాటి పైకి వెళ్లే దారి నాకు కనబడలేదు. అక్కడైతే 1,500 వోల్టుల డీసీ నుంచి 220 కేవీ సబ్‌స్టేషన్ దాకా అంతా చేతి మీదుగా వెళ్తుంది. కర్నూలు వైపు 1,000 మెగావాట్ల పార్కు ఉంది, అనంతపురంలో, కడపలో కూడా ప్లాంట్లున్నాయి. రెండు మూడేళ్ల అనుభవంతో తిరిగి మన రాష్ట్రానికే రావచ్చు. ఈ ఆశ లేకపోతే నేను ఇంత దూరం ఆలోచించేదాన్నే కాదు.

కానీ ఉద్దానం మనిషిని. ఎక్కడికి వెళ్లినా మేం ముందు అడిగేది నీళ్ల గురించే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు తగలని వీధి లేదు. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం, పెరిగిపోతుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కష్టమన్నారు. మా నాన్నకి 2018లో తిత్లీ తుఫాను కొబ్బరి తోటని నేలమట్టం చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకి క్రియాటినిన్ 1.9 అని తేలింది. 1.2 దాటకూడదంటారు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ఆయన్ని అలాగే కాపాడుకుంటున్నాం.

ఎండ వల్ల కిడ్నీకి చేటని అనుమానం ఉన్నప్పుడు, 50 డిగ్రీల ఊరికి వెళ్లడం ఏ మేరకు తెలివైన పని? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. నాన్నని చూసే డాక్టరుగారినే అడిగాను. ఆయన భయపెట్టలేదు, తేలిగ్గా తీసేయనూ లేదు. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లో కూడా ఇలాగే షుగర్ లేకుండా కిడ్నీలు పాడవుతున్నాయని, రోజూ ఎండలో ఒళ్లు ఎండిపోవడం అక్కడ పెద్ద అనుమానమని చెప్పారు. వెళ్లే ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకుని ఆ రిపోర్టు దాచుకోమన్నారు. ఆర్నెల్లకోసారి మళ్లీ చేయించుకుని దాంతో పోల్చుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. ఎండలో తిరిగొచ్చి తలనొప్పని డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు. టెస్టులు చేయించుకున్నాను. నావి బాగానే ఉన్నాయి.

ఇంటర్వ్యూలో వాళ్లు ఎక్కువగా కంట్రోల్ రూం గురించే చెప్పారు. ఏసీ గది, తెరల మీద ప్లాంటంతా చూపించే స్కాడా అనే కంప్యూటర్ వ్యవస్థ, ఎక్కడ ఏ ఇన్వర్టర్ ఆగిందో అక్కడే తెలిసిపోతుంది అన్నారు. నిజమే. కానీ ప్యానెళ్లలో వేడెక్కి పాడైన సెల్స్‌ని పట్టుకోవాలంటే థర్మల్ కెమెరాతో ఫీల్డ్‌లోకి వెళ్లాలి. ఆ పరీక్ష చదరపు మీటరుకి కనీసం 600 వాట్ల ఎండ ఉన్నప్పుడే చేయాలి, లేకపోతే లోపం కనబడదు. అంటే తెల్లవారుజామునో సాయంత్రం చల్లబడ్డాకో చేసుకుంటానంటే కుదరదు. ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచే పని రాత్రిపూట రోబోలు చేసేస్తాయి. ఇది మాత్రం మనిషి చేయాలి, ఎండలోనే చేయాలి. మే నెలలో అలాంటి రోజులు ఎన్ని ఉంటాయని నేను నేరుగా అడిగేదాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సోంపేట మేస్త్రీ ఒకాయన రాజస్థాన్‌లో సోలార్ స్ట్రక్చర్లు బిగించే పనికి మనుషుల్ని తీసుకెళ్తుంటాడు. మా ఊరి వాళ్ల ద్వారా ఆయన నంబరు దొరికింది. హెచ్ఆర్ వాళ్లు చెప్పని సంగతులు ఆయన చెప్పాడు. "అమ్మా, ఎండకి అలవాటు పడిపోతాం. గాలిదుమారమే కష్టం. ఇసక కంట్లో, ముక్కులో, అన్నంలో. ఇంకోటి, ఏప్రిల్‌లో కాలవ కట్టేస్తారు. అప్పుడు నీలు ఎలాగో సూసుకోండి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆరా తీశాను. ఆ ప్రాంతానికి తాగునీరు ఇందిరా గాంధీ కాలువ ఇస్తుంది. పంజాబ్‌లో హరికే దగ్గర మొదలై అంత దూరం వస్తుంది. ఏటా మరమ్మతుల కోసం వేసవిలోనే, మార్చి నుంచి మే మధ్యలో, కొన్ని వారాలు నీళ్లాపుతారు. నహర్ బందీ అంటారు. ఎండ ముదిరే రోజుల్లోనే కుళాయి సన్నబడుతుందన్నమాట. అందుకని నేను కంపెనీకి ఒక్కటే షరతు పెట్టాను. మే నెలలో వచ్చి చూసుకున్నాకే సంతకం పెడతాను. డిసెంబరులో అయితే ఎవరికైనా ఎడారి బాగానే కనబడుతుంది.

విశాఖ నుంచి విజయనగరం, రాయగడ మీదుగా జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీకి రైలుంది, కానీ వారానికి ఒక్కసారే. పాపని అత్తయ్య దగ్గర ఉంచి మేమిద్దరం అందులోనే వెళ్లాం. ఫలోదీ ఊరు నేను భయపడినంత పరాయిగా లేదు. పాత ఎర్రరాయి ఇళ్లు, ఉప్పు వ్యాపారం, మన కాశీబుగ్గ బజారంత బజారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి వీధుల్లో మనిషి ఉండడు. అది చూసే మా ఆయన "ఇక్కడి వాళ్లకి ఎండతో ఎలా బతకాలో తెలుసు. మనం వాళ్లలా ఉంటే చాలు" అన్నారు. ఆయన ముఖంలో టెన్షన్ కొంచెం తగ్గింది ఆ రోజునే.

ఇల్లు చూడ్డానికి వెళ్తే యజమాని మాంసం, చేప వండకూడదన్నాడు. అక్కడ చాలామంది శాకాహారులు, వాళ్ల ఇల్లు వాళ్లిష్టం. నెత్తళ్లు లేకుండా నేను బతకగలను, పాప సంగతే కష్టం. ఆ ఇంటి కింద వాననీళ్లు దాచుకునే టాంకా ఉంది. కాలువ నీళ్లు ఆగినప్పుడు ట్యాంకరు తెప్పిస్తారట, అవి బోరు నీళ్లు. రెండూ వేరువేరు సీసాల్లో పట్టి తెచ్చి ఇక్కడ టెస్టు చేయించాను. కాలువ నీళ్లు పర్వాలేదు. ట్యాంకరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది, ఉప్పు కూడా ఎక్కువే. వాటిని ఆర్వో పెట్టకుండా తాగకూడదు. ఎడారి ఊరికి వెళ్లాలనుకునే ప్రతివాళ్లకీ నేను గట్టిగా చెప్పేది ఇదే. నీళ్లు ఎలా ఉన్నాయని ఎవరినీ అడగొద్దు, సీసాలో పట్టి తెచ్చుకోండి.

సైట్‌లో ఆడవాళ్లకి టాయిలెట్ కంట్రోల్ రూం దగ్గర ఒక్కటే ఉంది. ఫీల్డ్‌లో దూరంగా ఉన్న బ్లాకుకి వెళ్తే జీపులో వెనక్కి రావాలి. టాయిలెట్ లేదని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లని మా ఫార్మాలోనే చూశాను. 48 డిగ్రీల్లో అలా చేస్తే ఏమవుతుందో ఉద్దానం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సంగతి హెచ్ఆర్‌కి మెయిల్‌లో రాశాను. దాంతోపాటు రాత్రి షిఫ్టుకి క్యాబ్, మే జూన్ నెలల్లో మధ్యాహ్నం ఫీల్డ్ పని అందరికీ వంతులవారీగా, నా ఒక్కదానికే కాదు, అందరికీ ఉండాలని అడిగాను. క్యాబ్ ఒప్పుకున్నారు. వంతుల పద్ధతి రోస్టర్‌లో పెడతామన్నారు. మొబైల్ టాయిలెట్ తెప్పిస్తామన్నారు. నోటిమాటగా వదలకుండా మూడూ ఆఫర్ లెటర్‌కి జతచేయించుకున్నాను.

ఇక మిగిలింది ఇల్లు. అసలు బరువంతా ఇక్కడే.

మా జిల్లాలో వలస కొత్త కాదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లలో పనిచేస్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. మగవాడు వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారని ఎవరూ అడగరు. నేను వెళ్తానన్నప్పుడు మాత్రం తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ అదే అడిగారు. అత్తయ్య కూడా మొదట "గుంటని ఒగ్గేసి ఎలాగెల్తావే?" అంది. ఆవిడ కోపంతో అనలేదు, పాప రాత్రిళ్లు నా పక్కన తప్ప పడుకోదని ఆవిడకి తెలుసు. ఆ మాట నాకు బాధగానే అనిపించింది, కానీ ఆ ప్రశ్న వేయడానికి ఆవిడకి హక్కుంది. పెంచే భారం ఆవిడ మీదే పడుతుంది కదా.

ముగ్గురం వెళ్లిపోతే? షాపు మూసేస్తే మా ఆయన అక్కడ ఏం చేస్తారు? హిందీ రాదు, మార్వాడీ అసలే రాదు. పెట్టిన మిషన్ మీద ఇంకా లోన్ ఉంది. నా ఉద్యోగం కోసం ఆయన్ని ఆ ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టే హక్కు నాకు లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైవేటు ఉద్యోగుల పిల్లలకి సీట్లు అందరి తర్వాతే. మిగతా బడుల్లో హిందీతోనే మొదలు. పాప ఇప్పుడిప్పుడే తెలుగు కూడబలుక్కుని చదువుతోంది.

నాన్నకి ఉన్నట్టుండి బాగోలేకపోతే? జోధ్‌పూర్‌కి రోడ్డు మీద, అక్కడ విమానం ఎక్కి ఎక్కడో మారి విశాఖ, మళ్లీ కవిటికి రోడ్డు. ఎంత వేగంగా కదిలినా ఒక రోజంతా పోతుంది. నేను అందుకోలేనప్పుడు ఎవరుంటారో ముందే తేల్చుకోవాలి. విశాఖలో ఉన్న తమ్ముడితో కూర్చుని మాట్లాడాను. నెలనెలా పలాస ఆస్పత్రికి నాన్నని తీసుకెళ్లే పని వాడు తీసుకున్నాడు. 2023 చివర్లో అక్కడ కిడ్నీ రీసెర్చ్ సెంటర్, ఆస్పత్రి వచ్చాక ప్రతిదానికీ విశాఖ పరుగెత్తే అవసరం తగ్గింది. హిరమండలం నుంచి వంశధార నీళ్లు కూడా ఉద్దానానికి వస్తున్నాయి. పదేళ్ల క్రితమైతే నేను ఈ ఊరు వదిలే మాటే ఎత్తేదాన్ని కాదు.

నాన్నకి అన్నీ చెప్పాను, ట్యాంకరు నీళ్ల రిపోర్టుతో సహా. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, "నా కోసం ఆగిపోకమ్మా. ఆగిపోయావంటే ఆ బరువు నాను మోయలేను. నీలు మాత్రం మంచివి తాగు" అన్నారు. ఆ రోజు నేను ఏడ్చాను.

చివరికి ఇలా అనుకున్నాం. సెప్టెంబరు ఆఖర్లో నేనొక్కదాన్నే చేరతాను. ఇక్కడ నోటీసు పీరియడ్ అప్పటికి అయిపోతుంది, అక్కడ ఎండ తగ్గుముఖం పడుతుంది. పాపా ఆయనా శ్రీకాకుళంలోనే ఉంటారు, అత్తయ్య వాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. సంక్రాంతికి నేను వస్తాను. ఫిబ్రవరిలో వాళ్లు అక్కడికి వస్తారు. ఫలోదీ పక్కన ఖీచన్ అనే ఊళ్లో చలికాలమంతా వేల కొంగలు దిగుతాయి, కుర్జా అంటారు. తేలినీలాపురంలో పెలికాన్లని చూసిన దగ్గర్నుంచి పాపకి పక్షుల పిచ్చి, అందుకే ఆ నెల పెట్టుకున్నాం.

వచ్చే ఏడాది మే, జూన్ నెలలు గడిచాక మళ్లీ కూర్చుంటాం. అప్పుడు చూడాల్సినవి ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. నా క్రియాటినిన్ ఇప్పటికంటే పెరిగితే వెనక్కి వచ్చేయాలి. పాప చదువులో, తిండిలో, నిద్రలో తేడా వచ్చిందని ఆయనకి అనిపిస్తే, నాతో వాదన లేకుండా వచ్చేయాలి. నాన్నకి డయాలసిస్ మొదలైతే వచ్చేయాలి. ఈ మూడూ లేకపోతే రెండో ఏడాది. తర్వాత కర్నూలు వైపు వెతుక్కుంటాను.

నిన్న సంతకం చేసిన లెటర్ పంపించాను. విజయనగరం నుంచి టికెట్ రిజర్వేషన్ ఇంకా తెరవలేదు. ఆర్వో మిషన్ ఇక్కడే కొనాలా, జోధ్‌పూర్‌లో కొనాలా అన్నది మా ఆయన కనుక్కుంటున్నారు.