మెదడుకు పాకినా మందుకు లొంగింది

నాకొచ్చింది కోరియోకార్సినోమా. కడుపులో బిడ్డను పోషించే మాయ కణాల్లో పుట్టే అరుదైన క్యాన్సర్. అంతకుముందు నాకు ముత్యాల గర్భం వచ్చింది. స్కానింగ్‌లో బిడ్డ లేదు, ద్రాక్ష గుత్తిలా నీటి బుడగలే. మా ఊళ్లో క్లీనింగ్ చేసి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత వారం వారం బీటా హెచ్‌సీజీ (మాయ కణాలు తయారుచేసే గర్భం హార్మోన్) రక్త పరీక్ష చేయించుకుంటూ అది మామూలుకొచ్చేదాకా చూడాలని, వచ్చాక కూడా కొన్ని నెలలు వదలకూడదని ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

కొన్ని నెలలకు దగ్గితే రక్తం, ఆగని తలనొప్పి, ఒకరోజు కూర కలుపుతుంటే కుడిచెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలై ఫిట్స్ వచ్చాయి. హైదరాబాద్ తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు, మెదడులో రక్తం చిమ్మిన గడ్డ. ముక్క తీస్తే రక్తం ఆగకపోవచ్చని బయాప్సీ కూడా చేయలేదు, బీటా హెచ్‌సీజీ లక్షల్లో ఉండటం చూసే తేల్చేశారు.

బ్రెయిన్‌కి పాకాక ఇంకేముంటుంది, ఇంటికి తీసుకెళ్లిపోండన్నారు చుట్టాలు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అమెరికాలో 1956లోనే మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే కీమో మందుతో ఈ జబ్బును లొంగదీశారట, మెదడుకు పాకినవాళ్లలో కూడా చాలామంది బతుకుతారట.

ఐదు మందుల కీమో, ఒక వారం మూడు, మరుసటి వారం రెండు. మామూలు డోసు మెదడులోకి సరిగ్గా చేరదని నాకు మెథోట్రెక్సేట్ బాగా పెంచారు. ఆ విషం విరగడానికి ఫోలినిక్ యాసిడ్ టైముకి పడాలి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని మా ఆయన లేపి మాత్ర మింగించి, క్యాలెండర్ మీద టిక్కు పెట్టేవారు. నోరంతా పుండ్లు, పెరుగన్నం కూడా మంటే. ఆ ఐదింట్లో ఒకటైన విన్‌క్రిస్టీన్‌తో వేళ్లు మొద్దుబారి జాకెట్టు హుక్స్ పట్టు దొరికేవి కావు, అత్తయ్యగారే పెట్టేవారు (గొణుక్కుంటూనే అనుకోండి).

రిపోర్టులో అంకె లక్షల నుంచి వేలకు, వేల నుంచి వందలకు దిగింది. చివరికి ఐదు లోపుకొచ్చింది. అయినా ఆపలేదు, కనపడని కణాలుంటాయని ఇంకొన్ని వారాలు ఎక్కించారు.

ఇప్పుడు నెలనెలా రక్తం ఇస్తున్నా. గర్భం వస్తే హెచ్‌సీజీ ఎలాగూ పెరుగుతుంది, జబ్బు తిరగబెట్టినా తెలియదు కాబట్టి ఏడాదిపాటు వద్దన్నారు. అత్తయ్యగారు పిల్లల మాటెత్తితే మా ఆయనే, "ఆగమన్నారు కదమ్మా, నీక్కూడా చెప్పారుగా" అని కసురుతున్నారు.