ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు శీర్షికలు: నా లెటర్ స్పేసింగ్ తిప్పలు

ఈమధ్య ఒక చిన్న ప్రచురణ సంస్థకి వెబ్‌సైట్ చేశాను. టెంప్లేట్ ఇంగ్లిష్ కోసం చేసింది, చూడ్డానికి భలే ఉంది, కానీ అందులో తెలుగు పెట్టగానే శీర్షికలన్నీ ఇరుక్కుపోయాయి. "అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయేంటండీ" అని వాళ్ల ఫోను.

బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ కొట్టి చూస్తే పెద్ద శీర్షికకి లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మైనస్ 0.03 ఈఎం ఉంది. ఒక ఈఎం అంటే ఫాంట్ సైజంత. ఫాంట్ సైజు 40 పిక్సెల్స్ కాబట్టి ప్రతి అక్షరం దగ్గరా 1.2 పిక్సెల్ కోత. ఇంగ్లిష్‌లో పెద్ద శీర్షికలకి ఇది మామూలే, బిగువుగా బాగుంటుంది కూడా. మనకి కుదరదు. సాహిత్యము అని టైప్ చేసి జూమ్ చేయండి: త పక్కన యవత్తు కుడివైపుకి పాకి పక్కనున్న ము దాకా వస్తుంది, మధ్యలో ఉన్న ఆ కాస్త సందు కూడా లాగేస్తే రెండూ అతుక్కుంటాయి.

ఆ మైనస్ తీసేసి బాడీకి, అంటే పేజీ మొత్తానికి, 0.05 ఈఎం ఇచ్చి చూశా. మామూలు పేరాలు వదులైపోయాయి గానీ శీర్షికలో పెద్ద తేడా లేదు, ఎందుకంటే బ్రౌజర్ ఈఎంని రాసిన చోటే పిక్సెల్స్‌గా లెక్క కట్టేస్తుంది, 16 పిక్సెల్స్ బాడీలో అది 0.8 అయితే లోపలున్న 40 పిక్సెల్స్ శీర్షికకీ అదే 0.8 దిగుతుంది. పైగా తెలుగు మాటలు అసలే పొడుగు, అక్షరాల మధ్య ఖాళీ పెరిగితే మాట ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు.

అందుకే భాషని బట్టి స్టైల్ పెట్టే లాంగ్ సెలెక్టర్‌తో తెలుగు మొత్తానికీ లెటర్ స్పేసింగ్ సున్నా పెట్టేశా. అదీ వెంటనే వినలేదు. టెంప్లేట్‌లో రెండు క్లాసులు (స్టైల్ కోసం పెట్టే పేర్లు) కలిపి రాసిన రూల్ దీనికన్నా బలమైనది, కాబట్టి వాటి పక్కనే మళ్లీ రాయాల్సి వచ్చింది. లైన్ హైట్ మాత్రం 1.2 నుంచి 1.6కి పెంచా, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతున్నాయి. నన్నడిగితే తెలుగుకి ఖాళీ కావాల్సింది అక్షరాల మధ్య కాదు, లైన్ల మధ్య.

పేజీ పైన మధ్యలో ఉండే సంస్థ ఇంగ్లిష్ పేరుకి మాత్రం లెటర్ స్పేసింగ్ 0.3 ఈఎం అలాగే ఉంచా. చివరి అక్షరం తర్వాత కూడా 6 పిక్సెల్స్ ఖాళీ చేరడంతో పేరు 3 పిక్సెల్స్ ఎడమకి జరిగింది, ఎడమవైపు ప్యాడింగ్ (లోపలి ఖాళీ) కూడా 6 పిక్సెల్స్ ఇస్తే సర్దుకుంది. యాక్సెసిబిలిటీ (అందరూ వాడుకోగలిగేలా ఉండటం) ప్రమాణం ప్రకారం చదివేవాళ్లు తమ వైపు నుంచి అక్షరాల మధ్య ఖాళీని 0.12 ఈఎం దాకా పెంచుకున్నా ఏదీ తెగిపోకూడదు. అలా పెంచి చూస్తే "మరిన్ని కథలు" బటన్‌లో చివరి లు సగమే కనిపించింది. బటన్‌కి ఉన్న ఫిక్స్‌డ్ వెడల్పు తీసేసి ప్యాడింగ్‌కి వదిలేశా.