నా మోడల్ కంటే సగటే నయమట!

నిన్న రాత్రి 0.71 వచ్చింది. దానికింత సంబరమేంటంటారా, మొదట్నుంచీ చెప్తా.

ఒక చిన్న నదీ పరివాహక ప్రాంతంలో ముందు ముందు ఎంత నీరుంటుందో 'స్వాట్' మోడల్‌తో (వాన, నేల, భూవినియోగం ఇస్తే నదీ ప్రవాహం లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) అంచనా వేయాలి. సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎత్తుల పటం 30 మీటర్ల వివరంతో నెట్‌లోనే దొరికింది. నేల రకాలు, భూవినియోగం కూడా అంతే. మూడు రోజుల్లో సెటప్ అయిపోయింది. ఇంతేనా, అనుకున్నా.

వర్షపాతం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగితే, చివరికి స్కాన్ చేసిన కాగితాలు చేతిలో పెట్టారు. పదకొండేళ్ల రోజువారీ లెక్కలు ఒక్కణ్నే ఎక్సెల్‌లోకి ఎక్కించాను (ఇది నిజంగా గొప్పే, చెప్పుకుంటా). అక్కడక్కడా అంకె బదులు గీత ఉంది. ఫోన్ చేసి అడిగితే, "గీతంటే గీతేనండీ" అన్నారు. సరే, వాన లేదు కాబోలని సున్నాలు వేసుకుంటూ పోయాను.

రివ్యూ రోజు తెరమీద గ్రాఫ్ పెట్టాను. కొలిచిన ప్రవాహం నీలిగీత, వరదలప్పుడు నిటారుగా లేస్తోంది. నా మోడల్ ఎర్రగీత కింద చాప పరిచినట్టు పడుకుంది. నాష్-సట్‌క్లిఫ్ విలువ మైనస్ 0.38. మోడల్ లెక్క కొలిచిన ప్రవాహానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పడానికి 1970 నుంచీ వాడుతున్న కొలమానం ఇది: 1 వస్తే అచ్చు గుద్దినట్టు, 0 వస్తే ఎప్పుడూ సగటు ప్రవాహమే రాసుకున్నదానితో సమానం. రివ్యూ చేస్తున్న పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, "అంటే బాబూ, నువ్వు ఆర్నెల్లూ ఇంట్లో పడుకుని సగటు చెప్పినా ఇంతకంటే నయమే కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం.

ఆటో కాలిబ్రేషన్ (కొలిచిన ప్రవాహానికి సరిపోయేలా మోడల్‌లోని విలువల్ని కంప్యూటరే మార్చి మార్చి చూడటం) పెట్టు, అదే చూసుకుంటుందని సలహా ఇచ్చిన మిత్రుడొకడున్నాడు. వాడి మాట విని 500 రన్‌లు వేశా. కర్వ్ నంబర్ (వానలో ఎంత ఇంకకుండా పారిపోతుందో చెప్పే అంకె) పెరిగి పెరిగి 98 దగ్గర ఆగింది. 98 అంటే నేలంతా సిమెంటు చేసినట్టే, చుక్క ఇంకదు. అక్కడున్నదేమో అడవి! వాన చాలడంలేదని మోడల్ మొత్తుకుంటుంటే నేను నేలని గట్టిచేస్తున్నానన్నమాట.

అప్పుడు ఒక్క వరద రోజు తీసి చూశా. ప్రవాహం ఉవ్వెత్తున ఉంది, వర్షం గడిలో సున్నా. అసలు కాగితం తీస్తే గీత. కుంభవృష్టి పడ్డ రోజుల్లోనే ఆ వర్షమాపకం దగ్గరికి ఎవరూ వెళ్లలేకపోయారు! లేని డేటాకి స్వాట్‌లో -99 వేయాలి, సున్నా కాదు. అదైనా పూర్తి మందు కాదు. -99 ఉన్నచోట మోడల్ నెలవారీ గణాంకాల నుంచి ఏదో ఒక వాన పుట్టిస్తుంది, ఆ రోజు నిజంగా పడిన వాన కాదు. అందుకే పక్క కేంద్రాల లెక్కలతో పూడ్చి, వీలుకాని చోట మాత్రమే -99 వదిలాను.

కర్వ్ నంబర్లు దారికొచ్చాయి. నెలవారీ ప్రవాహానికి 0.71, కాలిబ్రేషన్‌లో వాడకుండా పక్కన పెట్టిన మూడేళ్లకి 0.58. నెలవారీకి 0.5 దాటితే చాలంటారు మామూలుగా.

రాత్రే పెద్దాయనకి మెయిల్ పెట్టాను. పొద్దున్నే ఒక్క ముక్క జవాబు: "రోజువారీ ఎంత?"

ఇంకా చూళ్లేదు.